ఎర్రదాని ఎద, నా మీద పడ్డ నింద

మొన్న నిజామాబాద్‌లో మా చిన్న బిడ్డ ఇంట్లో నా మాట గెలిచింది. నా మాట గెలవడం అరుదు కాబట్టి, అది ఎట్లా గెలిచిందో ముందు చెప్పి, తర్వాత అసలు సంగతికి వస్తాను.

వాళ్ళు ఒక తెల్లటి లాబ్రడార్ ఆడకుక్కను పెంచుతున్నారు. నేను వెళ్ళేసరికి అది ఎదలో ఉంది. చంటిపిల్లకు తొడిగినట్టు దానికి ఒక చెడ్డీ తొడిగి, హాల్లో తివాచీ చుట్టి మూలకు పెట్టి, వారం నుంచి దాన్ని గడప దాటనివ్వడం లేదు. ఒకరోజు పొద్దున్నే మా అల్లుడు ఆ చెడ్డీ విప్పి, గొలుసు చేతికి చుట్టుకుని చెప్పులు వేసుకుంటున్నాడు.

"ఎటు తీస్కపోతున్నరు దాన్ని?" అని అడిగాను.

"గ్రౌండ్‌కు అత్తమ్మా. పాపం వారం నుంచి ఇంట్లనే పడున్నది. రక్తం ఆగింది. ఇగ అయిపోయినట్టే."

"ఆగింది కాబట్టే తీస్కపోవద్దంటున్న."

అల్లుడు నవ్వాడు. ఆ నవ్వు నేను గుర్తు పెట్టుకున్నాను. "మీ కాలంల వేరు అత్తమ్మా" అన్నాడు. కుక్కలు కాలాన్ని బట్టి మారతాయని నాకు తెలియదు. దాని నడుము మీద, తోకకు దగ్గరగా చెయ్యి వేసి చూడమన్నాను. వేశాడు. అది తోకను పక్కకు తిప్పి, నాలుగు కాళ్ళూ నేలకు తన్ని, బొమ్మలా నిలబడింది. మా అల్లుడి ముఖంలో నవ్వు పోయింది. పశువుల డాక్టరుకు ఫోన్ చేశాడు.

"స్పీకర్ పెట్టుండ్రి" అన్నాను.

"ఇప్పుడు బయటికి తీస్కపోతే అంతే సార్" అంది ఆ డాక్టరమ్మ గొంతు. "రక్తం తగ్గి, నీళ్ళలెక్క పల్చగయినప్పుడే అది మొగకుక్కను దగ్గరికి రానిస్తది. అంతకుముందు రానియ్యది. అసలు జాగ్రత్త ఇప్పటినుంచే."

"మల్లొక్కసారి చెప్పమనుండ్రి" అన్నాను. నాకు వినపడకపోలేదు. మళ్ళీ వినాలనిపించింది, అంతే.

ఆ రోజు టిఫిన్‌కు రెండు దోసెలు ఎక్కువ తిన్నాను. డాక్టరమ్మ చెప్పిన ఆ మాట నేను పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు మా వాకిట్లో నిలబడి చెప్పాను. ఎవరూ వినలేదు. వినకపోగా నామీదనే నింద వేశారు. ఆ నింద వేసిన వాళ్ళంటే నాకు ఇప్పటికీ ప్రేమే. ప్రేమ వేరు, నింద వేరు.

మా ఊరు బోధన్‌కు దగ్గర. దీపావళి దాటి చక్కెర ఫ్యాక్టరీ నడవడం మొదలైతే మా ఊరి గాలే మారిపోయేది. ఫ్యాక్టరీ వైపు నుంచి వీస్తే కాగుతున్న బెల్లం వాసన, గాలి కొంచెం పక్కకు తిరిగితే పులిసిన మడ్డి వాసన. రోడ్డు పొడుగునా చెరుకు బండ్లు బారులు తీరేవి. బండి వెనక నక్కి నడుస్తూ చెరుకు గడ లాగడం మా పిల్లలందరి పని. లాగేటప్పుడు అందరూ ఉండేవాళ్ళు. బండివాడు తిరిగి చూసేటప్పుడు మాత్రం నేనొక్కదాన్నే దొరికేదాన్ని. అతను మరాఠీలో తిట్టేవాడు. అర్థం తెలియకపోయినా ఆ తిట్లు మాకు కంఠతా వచ్చేవి. ఒకసారి వాటిలో ఒకటి మా బాపు ముందు అన్నాను. బాపుకు మరాఠీ వచ్చునని అప్పుడే తెలిసింది.

చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర నుంచి గుంపులు గుంపులుగా వచ్చేవాళ్ళు. ఆలుమగలు, పిల్లలు, ఎడ్లు, కోళ్ళు, కుక్కలతో సహా వచ్చి మా చేనుకు అవతల ఖాళీ జాగాలో చెరుకాకు గుడిసెలు వేసుకునేవాళ్ళు. వాళ్ళకు ఒక పెద్ద ఉండేవాడు, ముకద్దం అనేవాళ్ళు. ముకద్దం భార్య పొద్దున్నే జొన్న రొట్టెలు చేతులతో తట్టి కాల్చి, పచ్చిమిర్చి ఉప్పు నూరిన ఠేచా పెట్టి, మాకు కూడా తలా ఒక తునక ఇచ్చేది. మా ఇంట్లోనూ జొన్న రొట్టెలే. కానీ వాళ్ళ పొయ్యిలో చెరుకాకు మంట మీద కాలిన రొట్టె రుచి మా అవ్వ చేతికి, అంటే మా అమ్మ చేతికి, ఎన్నడూ రాలేదు. ఈ మాట మా అవ్వతో అన్నందుకు రెండు పూటలు నాకు రొట్టె లేదు. అన్నమే పెట్టింది, అదీ శిక్షలాగా.

మా ఇంట్లో నాయినమ్మ, బాపు, అవ్వ, చిన్నాయిన, నేను. చిన్నాయిన అంటే బాపు తమ్ముడు. బోధన్‌లో ఇంటర్ చదువుతూ సైకిల్ మీద పోయి వచ్చేవాడు. ఇంకా పెళ్ళి కాలేదు. ఇంట్లో ఆఖరి మాట నాయినమ్మది. ఆఖరికి ముందు మాట ఎప్పుడూ చిన్నాయినది.

ఇక ఎర్రది. మా అమ్మమ్మ వాళ్ళది సిరికొండ దిక్కు. అక్కడి అడవి అంచున పుట్టిన కుక్కపిల్లను బాపు గోనెసంచిలో వేసుకుని తెచ్చాడు. కాలిన ఇటుక రంగు. పేరు పెట్టే తీరిక ఎవరికీ లేక ఎర్రది ఎర్రది అంటూ అదే పేరయింది. అడవి పందులు చెరుకులోకి రాకుండా చూసేది. నేను బడికి పోతే రోడ్డు దాకా వచ్చి, నేను కనబడినంత దూరం చూసి వెనక్కి పోయేది. ఆ ఇంట్లో నన్ను చూడడానికి అంత దూరం నడిచింది అదొక్కటే.

నాకు పదేళ్ళప్పుడు, సీజన్ మొదట్లోనే అది ఒకసారి ఈనింది. ఎడ్ల పొలాల అమావాస్య నాడు మేము ఎడ్ల కొమ్ములకు రంగులు వేసుకుంటుంటే, అది ఎదకు వచ్చి ఎటో పోయింది. దీపావళి వెళ్ళాక గడ్డివాములో ఈనింది. ఆ పిల్లలు చేసిన ఆగం అంతా ఇంతా కాదు. పక్కింటి వాళ్ళ కోడిపిల్లను పట్టినవి, మక్కజొన్న కంకులను కుప్ప మీదినుంచి లాక్కొచ్చి వాకిలంతా పరిచినవి. ముకద్దం మా బాపుతో మాట్లాడడానికి వచ్చి చెప్పులు బయట విడిస్తే, పోయేటప్పుడు అతనికి ఒకటే చెప్పు మిగిలింది. బాపు తన చెప్పులు ఇచ్చి పంపి, వాకిట్లో నిలబడి అందరికీ వినబడేటట్టు చెప్పాడు.

"ఇంకొక్కసారి గిది ఈనిందంటే ఇంట్ల ఉంచ. చెరుకు కొట్టేటోళ్ళు పోయేటప్పుడు బండెనుక కట్టి పంపిస్త. ఎవరు ఏడ్సినా ఇన."

ఎవరు ఏడ్చినా అంటే నేనే. ఆ ఇంట్లో ఏడ్చేది ఇంకెవరు?

అందుకని నేను దానిని కనిపెట్టుకుని ఉండడం మొదలుపెట్టాను. ఎప్పుడు ఎదకు వస్తుందో ముందే తెలిస్తే కొట్టంలో కట్టేయవచ్చు. నాయినమ్మను అడిగితే, "పొలాల అమాసకు వొచ్చింది గదనే, ఆరు నెలలకు మల్ల వస్తది. పసుపు ఉడకబెట్టేటప్పుడు చూసుకో" అంది. పసుపు ఉడకబెట్టడం అంటే చెరుకు కొట్టేవాళ్ళు ఇంకా ఊళ్ళో ఉండే కాలమే. వాళ్ళ కుక్కలన్నీ చేనుకు అవతలే.

పసుపు తవ్వడం ఇంకా కాకముందే నాకు తేడా కనబడింది. ఎర్రది ఎప్పుడూ ఒకచోట మూత్రం పోసి ముందుకు నడిచేది. ఇప్పుడు ప్రతి రాయి దగ్గరా, ప్రతి గట్టు దగ్గరా ఆగి చుక్క చుక్కగా పోస్తున్నది. నా కాళ్ళకు అడ్డం పడుతున్నది, బడికి పోనివ్వడం లేదు. తోక కింద మాటిమాటికీ నాకుకుంటున్నది. రోజూ ఆడుకునే చారల కుక్క దగ్గరికి వస్తే పళ్ళు చూపించింది. చారల కుక్క మాత్రం తిట్లు తిని కూడా పోకుండా, అది మూత్రం పోసిన రాళ్ళన్నీ ఒక్కొక్కటే వాసన చూసుకుంటూ వెనకే నడిచింది.

రాత్రి అన్నం తినేటప్పుడు చెప్పాను. "ఎర్రది ఎదకు వస్తుంది. ఇప్పటినుంచే కట్టేద్దాం."

"ఏమే జోస్యురాలా" అన్నాడు చిన్నాయిన. "నా పరీక్ష ఎట్లయితదో కూడ చెప్పు."

"తప్పుతవ్" అన్నాను. అందరూ నవ్వారు, నాయినమ్మ తప్ప. తర్వాత అతను నిజంగానే ఇంగ్లీషులో తప్పాడు. దానికి కూడా నా నోరే కారణమన్నారు.

నేను చెప్పి ఎన్నో రోజులు కాలేదు. అవ్వ పేడతో అలికిన అరుగు మీద రక్తపు చుక్క కనబడింది. ఒక్కరు కూడా పిల్ల ముందే చెప్పింది అనలేదు. నాయినమ్మ చీపురు పక్కన పెట్టి, "ముట్టయింది. బయట ఉంచుండ్రి" అంది.

మా ఇంట్లో ఆచారం గట్టిది. ఆడవాళ్ళు ఆ రోజుల్లో వంటింటి దిక్కు రారు. కొట్టానికి ఆనుకుని ఉన్న చిన్న అర్రలో చాప, చెంబు, కంచం వేరుగా పెట్టుకుని ఉంటారు. రక్తం ఆగాక తలకు నీళ్ళు పోసుకుని, పసుపు రాసుకుని ఇంట్లోకి వస్తారు. నాయినమ్మ దగ్గర ఎర్రదానికి కూడా అదే చట్టం. దాన్ని ఆ అర్రలోనే పెట్టి గొళ్ళెం వేశారు. దాని కంచం వేరు. అవ్వకు ఆ నెల ఆ అర్ర ఖాళీ లేక, కొట్టంలో ఎడ్ల పక్కన పడుకోవలసి వచ్చింది. "కుక్కకున్న పాటి నాకు లేదు" అని అవ్వ గొణిగింది. ఆ విషయంలో అవ్వ పక్షాన నేను ఒక్కదాన్నే ఉన్నాను.

రోజూ రెండు పూటలా రొట్టె, గంజి తీసుకుపోయి పెట్టడం నా పని. గొళ్ళెం తీయడం, లోపలికి పోవడం, వెనక కాలితో తలుపు మూయడం, తిరిగి వచ్చేటప్పుడు గొళ్ళెం వేసి ఒకసారి లాగి చూడడం. నేను ఒక్కసారి కూడా మరిచిపోలేదు. ఈ మాట ఎవరు అడిగినా, అడగకపోయినా చెబుతాను.

బయట మొగకుక్కలు చేరినవి. ముందు మా ఊరివి, తర్వాత గుడిసెల దగ్గరివి. గోడ పక్కన, గడ్డివాము కింద, బావి దారిలో పడుకుని చూస్తుండేవి. పసుపు ఉడకబెట్టడానికి వచ్చిన కూలీలకు అదొక తమాషా. "ఏం పటేలా, పెండ్లి చూపులకు ఎక్కడెక్కడోళ్ళు వచ్చిండ్రు" అని బాపును ఆటపట్టించారు. బాపుకు నవ్వు రాలేదు. నేను కట్టె పట్టుకుని తరిమేదాన్ని. అవి గట్టు దాకా పోయి కూర్చునేవి.

వారం దాటింది. రక్తం తగ్గింది. ఎర్రగా ఉన్నది పల్చగా, బియ్యం కడిగిన నీళ్ళలో కుంకుమ కలిసినట్టయింది, తర్వాత అదీ లేదు. నాయినమ్మ అర్రలోకి తొంగి చూసి, "అయిపోయింది. నీళ్ళు పోసి విడువుండ్రి" అంది.

ఆ రోజే పెద్ద కొప్పెరలో పసుపు ఉడుకుతున్నది. వాకిలంతా ఆవిరి. ఆ వాసన తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. మట్టి, మిరియం, తడి ఆకు కలిసి గొంతులోకి దిగే వాసన. అందరి చేతులూ పచ్చగా ఉన్నవి.

నేను నాయినమ్మకు అడ్డం నిలబడ్డాను. "నాయినమ్మా, కుక్కలు ఇంకా పోలె. నిన్నటికంటె ఎక్కువున్నయ్. అది కూడ మారింది. ముందు తలుపు సందులకెల్లి వాటిని చూసి మొరిగేది. ఇప్పుడు కుయ్ కుయ్ అంటున్నది. ఇప్పుడే విడవద్దు."

"రక్తం ఆగినంక ఇంకేముంటదే? మైల తీరింది. ఎన్ని దినాలు కట్టేస్తరు నోరులేని జీవిని?"

"అవి ఎందుకు పోతలెవ్వు మరి?"

"పిల్లకు ఏం ఎరుకనే అమ్మా" అన్నాడు చిన్నాయిన కొప్పెర కింద కట్టె ఎగదోస్తూ. "బల్లె చెప్పిండ్రేమో కుక్కల పాఠం."

పసుపు కొమ్ములు ఉడికిన నీళ్ళు చల్లార్చి, నాయినమ్మ తన చేతులతో ఎర్రదానికి తల నుంచి తోక దాకా పోసింది. దాని ఎర్రటి వెంట్రుకలు పచ్చగా మెరిసినవి. ఇంట్లోకి వచ్చే కోడలికి చేసినట్టే చేసింది. తర్వాత చెయ్యి వదిలింది. ఎర్రది ఒళ్ళు ఒక్కసారి విదిలించుకుని, మా అందరి మీద పసుపు చల్లి, చెరుకు తోటలోకి ఉరికింది. వాకిట్లో ఉన్న కుక్కలన్నీ దాని వెనకే. మరునాడు సాయంత్రం దాకా తిరిగి రాలేదు.

ఉగాది దగ్గరికి వచ్చేసరికి దాని కడుపు కనబడింది. నాయినమ్మ దాని పొట్ట కింద తడిమి, చెయ్యి తీసి, అక్కడే కూర్చుంది. ఆమెకు నిజంగానే అర్థం కాలేదు. రక్తం ఉన్నన్ని రోజులు గొళ్ళెం ఉంది. ఆగాకే కదా విడిచింది. మరి కడుపెట్లా వచ్చింది? ఎదలో ఉన్నప్పుడే ఎవరో తలుపు తీసి ఉండాలి.

"తలుపు కాడికి రోజు పోయింది ఎవరు?" అన్నాడు చిన్నాయిన.

అందరూ నా వైపు చూశారు.

"నేను తియ్యలె" అన్నాను.

"గొల్లెం ఎయ్యుడు మరిచిపోయుంటవ్. చెప్పు, ఎవ్వరు ఏమనరు."

"మరువలె. మీరు నీళ్ళు పోసి విడిచినంకనే అయింది."

"చూసినవా అమ్మా, తప్పు చేసి నీ మీదికి తోస్తున్నది" అన్నాడు చిన్నాయిన. నాయినమ్మ నా తరఫున ఒక్క మాట అనలేదు. అవ్వ రొట్టెలు కొడుతూ తల ఎత్తలేదు. ఆ ఉగాదికి నాకు కొత్త గౌను కుట్టించలేదు. పచ్చడి చివరన, అడుగున మిగిలినది పోశారు, చేదంతా అందులోనే ఉంది. బాపు మాత్రం నన్ను ఏమీ అనలేదు. అదే ఎక్కువ భయమయింది. పండుగ దాటాక ఎర్రది మెడకు తాడు కట్టి, ముకద్దంకు కబురు పెట్టాడు.

గుడిసెలు అప్పటికే విప్పుతున్నారు. బండ్ల మీద చాపలు, కోళ్ళ గంపలు ఎక్కుతున్నవి. ముకద్దం, అతని భార్య మా వాకిట్లోకి వచ్చారు. ఎర్రది నా కాళ్ళ దగ్గర, నేను తాడు రెండు చేతులతో పట్టుకుని. ఏడవకూడదని అనుకున్నాను. ఏడిస్తే తప్పు ఒప్పుకున్నట్టే అవుతుందని.

ముకద్దం భార్య ఎర్రదాన్ని చూసి పెద్దగా నవ్వింది. ఆమె సగం మరాఠీ సగం తెలుగు మాట్లాడేది.

"హీచ్ కా? గిదేనా? గిది మా నవరీ" అంది. నవరీ అంటే పెండ్లికూతురు. "ఒంటి నిండ పసుపు పూసుకొని మా గుడిసెల కాడికి వచ్చింది. మా పిల్లలు హళద్ హళద్ అని వెంబడి ఉరికిండ్రు. మా కాలా కుక్కతోని లగ్గం గదే దినం అయింది. మేమంత చూసి నవ్వినం."

పసుపు నీళ్ళు పోసింది ఏ రోజో అందరికీ తెలుసు. పోసింది ఎవరో కూడా తెలుసు.

"చిన్నాయినా, ఇన్నవా?" అన్నాను.

"ఆఁ ఇన్న" అన్నాడు, చెవిలో వేలు పెట్టి గోక్కుంటూ. "గిప్పుడు అయితే ఏమైతది?"

"అత్తా" అంది మా అవ్వ, చేట పక్కన పెట్టి. ఆమె నాయినమ్మతో అంత సూటిగా మాట్లాడగా నేను అదే చూడడం. "మనమైనా ఎప్పుడు కడుపుతోనయినం? బయట కూసున్నప్పుడా, నీళ్ళు పోసుకొని ఇంట్లకొచ్చినంకనా?"

నాయినమ్మ కోడలి వైపు చూసింది. ఆమె నోరు కొంచెం తెరుచుకుంది. అప్పుడు నవ్వడం మొదలుపెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఆగలేదు. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ముకద్దం భార్యకు ఏమర్థమయిందో ఏమో, ఆమె కూడా నవ్వింది. బాపు, ముకద్దం, చిన్నాయిన మాత్రం ఎటో చూస్తూ నిలబడ్డారు. నాకు ఆ మాటలో నవ్వు వచ్చేదేమిటో అప్పుడు తెలియలేదు. నన్ను వదిలేసి నవ్వుతున్నారని కోపం వచ్చింది.

నవ్వు ఆపి నాయినమ్మ బాపుతో అంది, "తాడు విప్పురా."

"అమ్మా, నేను మాటిచ్చిన."

"నేను పసుపు నీళ్ళు పోసి సాగనంపిన. ఇంట్లకెల్లి నా చేతులతోని పంపిన. గట్ల పోయిన ఆడిపిల్ల పురుటికి ఎక్కడికొస్తది? తల్లిగారింటికే గద. మొదటిదా రెండోదా నాకెందుకు. కడుపుతోని ఉన్నదాన్ని బండెనుక కట్టి పొలిమేర దాటిస్తే ఈ ఇంటికి మంచిదా?"

ఆచారం మీద నాయినమ్మతో వాదించి గెలిచినవాడు మా ఇంట్లో లేడు. బాపు తాడు విప్పాడు. ముకద్దం భార్య పోతూ పోతూ ఎర్రదాని తల మీద చెయ్యి పెట్టి, తన కొంగు ముడిలోంచి బెల్లం ముక్క తీసి నా చేతిలో పెట్టింది. పెళ్ళివారింటి తరఫున అనుకుంటాను.

ఎర్రది ఆ చిన్న అర్రలోనే ఈనింది. నాయినమ్మ దానికి వాము, బెల్లం, నెయ్యి కలిపి బాలింతలకు చేసే కాయం చేసి పెట్టింది. అవ్వ, "నాకు చేసినప్పుడు ఇంత నెయ్యి పడలె" అంది. కాయం గిన్నె అడుగున మిగిలినది నాయినమ్మ వేలితో తీసి నా నోట్లో పెట్టింది. "ఇగ నుంచి అర్ర తాళంచెయ్యి నీకాడనే పెట్టుకో. అది ఎప్పుడు కట్టాల్నో, ఎప్పుడు విడవాల్నో నువ్వే చెప్పు" అంది. తప్పయింది బిడ్డా అనలేదు. కాయం బాగుంది, ఆ మాట చెప్పాలి.

తాళంచెవి నా మొలతాడుకు కట్టుకున్నాను. ఆ తర్వాత ఎర్రది ఉన్నన్నేళ్ళు దాని రోజులు నేనే చూశాను. రక్తాన్ని నమ్మలేదు. అది తోక పక్కకు పెడితే తాళం, మళ్ళీ మొగకుక్కను చూసి పళ్ళు చూపించి, గట్టు మీదివి విసిగి ఎవరిదారిన అవి పోతేనే తలుపు. ఒక్కసారి పొలాల అమావాస్యకు రావలసింది ఆలస్యమయి బతుకమ్మలకు వచ్చింది. అప్పుడు కూడా నేను ముందే పట్టుకున్నాను. కుక్క పంచాంగం చూసుకుని రాదు, కుక్కనే చూడాలి అని అందరికీ చెప్పేదాన్ని. ఊళ్ళో ఆడకుక్కలున్న వాళ్ళు వచ్చి అడిగేవాళ్ళు. అడిగినవాళ్ళకు చెప్పేదాన్ని. మునుపు నన్ను వెక్కిరించిన వాళ్ళకు మాత్రం రెండోసారి అడిగాక చెప్పేదాన్ని.

కానీ ముందు ఆ ఈత పిల్లల సంగతి తేల్చాలి. కళ్ళు తెరిచి, పాలు మాని, వాకిలి తవ్వడం మొదలుపెట్టాయి. బాపు మళ్ళీ ముఖం ముడిచాడు. నాయినమ్మ చిన్నాయినను పిలిచింది.

"పిల్లలకు ఇండ్లు చూడు."

"నేనెందుకు? నేను విడిచిన్నా?"

"నోటికొచ్చింది అన్నవ్ గద. గిప్పుడు కాళ్ళకు పని చెప్పు."

సైకిల్ వెనక గంప కట్టారు. గంపలో పిల్లలు. గంప కనిపెట్టడానికి ముందు కడ్డీ మీద నేను, వెనక్కి తిరిగి మెడ చాపి. ఊరు ఊరు తిరిగాం. ప్రతి ఇంటి ముందు చిన్నాయిన సైకిల్ దిగి, "అక్కా, మంచి జాతి పిల్లలు, చేనుకు కావలుంటయ్" అని మొదలుపెట్టేవాడు. నేను వెంటనే అందుకునేదాన్ని.

"వీటి తల్లిని అర్రల పెట్టినం. గొల్లెం తీసింది నేను కాదు. మా నాయినమ్మ నీళ్ళు పోసి విడిచింది. చిన్నాయిన నా మీద పెట్టిండు."

"నిన్నెవరడిగిండ్రే" అనేవాడు చిన్నాయిన పళ్ళు బిగించి.

"అడగకుంటే ఎట్ల తెలుస్తది?"

వాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వుతూ ఒక పిల్లను తీసుకునేవాళ్ళు. నా మాట వల్లనే పిల్లలు తొందరగా పోయాయని నా నమ్మకం, చిన్నాయిన ఒప్పుకోలేదు. ఎండ మండుతున్నది. దారిలో చెరుకు రసం బండి దగ్గర ఆగి తనొక్కడే తాగబోయి, నా ముఖం చూసి నాకూ ఇప్పించాడు. నా గ్లాసులో ఐసు తక్కువ వేశారు. అది బండివాడి తప్పు, చిన్నాయినది కాదు.

చివరికి ఒక్కటే మిగిలింది, నల్లది, వాళ్ళ నాయిన పోలిక. ఎవరూ తీసుకోలేదు, ఆడది కాబట్టి. సాయంత్రం కాలువ దాటి క్యాంపుకు పోయాం. ఆంధ్ర నుంచి వచ్చి కాలువ కింద భూములు చేసుకునేవాళ్ళ ఊళ్ళను మా దిక్కు క్యాంపులంటారు. ఒక పెద్ద ఇంటి ముందు ఒకావిడ ధాన్యం ఎండబోసి కూర్చుంది. చిన్నాయిన గంప దించాడు.

"ఆడపిల్లా, మగపిల్లా?" అంది ఆవిడ.

"ఆడిదే అమ్మా. కాని మంచిది."

"అమ్మో, ఆడదైతే మాకొద్దు బాబూ. ఏడాదికి రెండుసార్లు ఈనిపెడితే ఎవరు పడతారు? అయినా మీ కుక్కనైనా కాస్త చూసుకుని కట్టేసుకోవాల్సింది కదా. ఎవరు వదిలేశారేంటి?"

నేను నోరు తెరిచాను. మాట ఇంకా బయటికి రాలేదు.

"గొల్లెం తీసింది ఈ పిల్ల కాదమ్మా" అన్నాడు చిన్నాయిన. గంప అంచు పట్టుకుని, నేల చూస్తూ. "ఈమె విడవద్దనే చెప్పింది. మేమే ఇనలె. ఎదకు ఎప్పుడొస్తదో, ఎప్పుడు కట్టాల్నో ఈమెకు ఎరుక. పిల్లను తీస్కోండ్రి, ఈమె వచ్చి చెప్తది మీకు. ఈనకుంట చూస్తది."

ఆవిడ నన్ను కిందినుంచి మీదికి చూసింది. "ఇంత పిల్లకా?" అంది. అయినా చెయ్యి చాపి నల్లదాన్ని తీసుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ గంప సైకిల్ వెనక ఊగుతున్నది. కాలువ పొడుగునా గాలి చల్లగా ఉంది. చిన్నాయిన తొందరేమీ లేకుండా తొక్కుతున్నాడు. ఆ మాట అతను ఆవిడకు చెప్పాడు కానీ నాకు చెప్పలేదు. నాకు చెప్పమని అడగవచ్చు. ముందు కడ్డీ మీద కూర్చున్నాను, అతని ఊపిరి నా తల మీద తగులుతున్నది, ఎటూ పారిపోలేడు. అడిగితే చెప్పేవాడేమో కూడా. నేను అడగలేదు. ఒకరి దగ్గర నాకు రావలసిన మాట ఉండి కూడా అడగకుండా ఇంటిదాకా వచ్చింది, ఇంత బతుకులో ఆ ఒక్క సాయంత్రమే.